డిచ్‌పల్లి డాక్టరమ్మ ఇసబెల్ కెర్ గారు

తల్లిపాల విషయమై మన బాన్సువాడ మాతాశిశు ఆసుపత్రికి 2022లో జాతీయ గుర్తింపు వచ్చినప్పుడు మనమందరము సంతోషించితిమి. పుట్టిన బిడ్డను వెంటనే తల్లి రొమ్మునకు చేర్చి, భయపడు బాలింతకు ఓపికతో నేర్పుట చాలవరకు నర్సుల పని. రాత్రి డ్యూటీలు, బంధువుల కోపపు మాటలు, ఇన్నిటి మధ్య వారి మనస్సు పనిలో ఎట్లు నిలుచును? మన పాత జిల్లాలోనే జీవించిన ఒక డాక్టరమ్మ చరిత్రలో దీనికి కొంత జవాబు దొరకును.

ఇసబెల్ గారు 1875లో స్కాట్లండు దేశమున ఒక రైతు ఇంట జన్మించిరి. అబర్డీనులో వైద్యము చదివి 1903లో పట్టము పొందిరి. ఆడపిల్లలు డాక్టరు చదువుట ఆ దేశములోను అరుదైన కాలమది. జార్జి కెర్ అను బోధకుని వివాహమాడి, 1907లో ఆయనతో వెస్లియన్ మెథడిస్టు మిషను పక్షమున హైదరాబాదు సంస్థానమునకు వచ్చిరి.

నిజామాబాదులో వైద్యము చేయుచుండగా కుష్ఠు వ్యాధిగ్రస్తులు ఆమె యొద్దకు వచ్చుచుండిరి. వారిని ఇతర రోగుల ప్రక్కన ఉంచుటకు వీలులేదు; తిరిగి పంపినయెడల ఊరు రానీయదు. అప్పుడు రాజా నర్సాగౌడ్ గారు, హిందువైనను, ధారాళముగా ధనమిచ్చిరి. 1915లో డిచ్‌పల్లిలో ఆసుపత్రి వెలసెను.

ఆ పని ఎట్టిదో కొంచెము ఆలోచించుడి. స్పర్శలేని పాదమునకు ముల్లు గ్రుచ్చుకొన్నను రోగికి తెలియదు. పుండు కడిగి కట్టుకట్టిన చేతులే రేపు మరల కడుగవలెను. చాల్‌ముగ్రా గింజల నూనె త్రాగించిన వాంతులగును. కట్టుకట్టువారికి ఫలము కనబడదు, పైగా జనులు వారినిచూచి కూడ జంకుదురు. ఇట్టిచోట జీతమొక్కటే మనిషిని నిలుపునని మేము నమ్మజాలము. అట్లని సేవ అను పేరుతో నర్సుల జీతము తగ్గించువారిని మేము మెచ్చము!

తరువాత ఆ జాతి నూనెను సూదితో ఎక్కించు పద్ధతి వచ్చెను. కలకత్తాలో డాక్టరు మ్యూర్ మొదలగువారు దానిని వృద్ధిచేసిరి. ఇసబెల్ గారు దానిని డిచ్‌పల్లిలో పట్టుదలతో నడిపించిరి. నెలల తరబడి తప్పక సూది వేయవలెను, నొప్పికి జడియు రోగిని బుజ్జగించవలెను. అయితే తొలిదశలోనున్న అనేకులలో మచ్చలు తగ్గుచుండెను. సూది వేసిన చేయి తన పని ఫలించుట చూడగలిగెను. మా తలంపున పనివారిని నిలిపినది ఇదే. చేయునది నేర్పుతో చేయుట, చేసినది వ్యర్థము కాలేదని కన్నులార చూచుట.

ఆ నూనె పూర్తి మందు కాదు. డాప్సోను 1940 తరువాతనే వచ్చెను. పలు మందులు కలిపి ఇచ్చు చికిత్సను ప్రపంచ ఆరోగ్య సంస్థ 1981లో సిఫారసు చేసెను. నేడు ఈ వ్యాధి పూర్తిగా నయమగును, మందు ఉచితము.

లూకా సువార్త పదునేడవ అధ్యాయములో పదిమంది శుద్ధులైరి, కృతజ్ఞత చెప్పుటకు ఒక్కడే మరలి వచ్చెను. ఆ ఒక్కనిగూర్చియే మనము తరచుగా ప్రసంగింతుము. కాని మిగిలిన తొమ్మండుగురును శుద్ధులైరి గదా! ఆసుపత్రిలో పనిచేయువారికి ఈ లెక్క బాగుగా తెలియును.

1923లో ప్రభుత్వము ఇసబెల్ గారికి కైసర్-ఇ-హింద్ పతకమిచ్చెను. 1932లో ఆమె మరణించిరి. డిచ్‌పల్లిలో కట్లు కట్టుట, సూదులు వేయుట మాత్రము ఆగలేదు.