నీటికి చోటు చూపిన మహనీయుడు: మోక్షగుండం విశ్వేశ్వరయ్య

మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి పేరు వినని తెలుగువారు అరుదు. మైసూరు దివానుగా, భారతరత్నముగా, క్రమశిక్షణకు ఉదాహరణముగా వారు పాఠ్యపుస్తకములలో చిరకాలముగా కనబడుచున్నారు. కాని ఆ కీర్తికంతటికిని మూలమైన విద్య యొకటి గలదు. అది నీటి స్వభావమును గ్రహించి, దానితో వృథాగా పోరాడక, దానిచేతనే పని చేయించుకొను విద్య. వాన ఎచ్చట ఎంత కురిసెనో, ఆ నీరు ఏ దారిని ఎంత వేగముతో వచ్చునో, దానికి ఎచ్చట చోటు చూపవలెనో లెక్కించి చెప్పుటయే వారి జీవితములోని ముఖ్యకార్యము.

విశ్వేశ్వరయ్యగారు 1860వ సంవత్సరము సెప్టెంబరు 15వ తేదీన మైసూరు సంస్థానములోని ముద్దెనహళ్ళి గ్రామమున జన్మించిరి. తండ్రి శ్రీనివాసశాస్త్రిగారు సంస్కృత పండితులు, తల్లి వెంకటలక్ష్మమ్మగారు. వారి పూర్వులు గిద్దలూరు ప్రాంతమందలి మోక్షగుండము నుండి తరలివెళ్ళిన తెలుగువారు. ఊరు విడిచి తరములు గడచినను ఆ ఊరి పేరు ఇంటిపేరుగా నిలిచిపోయెను. బాల్యముననే తండ్రిని గోల్పోయిన ఆ బాలుడు బెంగుళూరులో పిల్లలకు చదువు చెప్పుచు తన చదువు సాగించుకొని, 1881లో బి.ఏ. పట్టము పొందెను. పిమ్మట మైసూరు ప్రభుత్వమువారి విద్యార్థి వేతనముతో పూనా సైన్సు కళాశాలలో ఇంజనీరింగు చదివి, 1883లో ప్రథమ స్థానమున ఉత్తీర్ణుడై, మరుసటి యేడు బొంబాయి ప్రభుత్వపు పబ్లిక్ వర్క్సు శాఖలో సహాయ ఇంజనీరుగా ప్రవేశించెను.

ఆ ఉద్యోగ కాలమున వారు చేసిన రెండు పనులు ప్రత్యేకముగా పేర్కొనదగినవి. మొదటిది సింధు నది యొడ్డున నున్న సుక్కూరు పట్టణపు మంచినీటి పథకము. నది నీరు బురదతో కలగి యుండును. దానిని వడకట్టు తొట్లు కట్టుటకు పురపాలక సంఘమువద్ద ధనము చాలలేదు. అంతట వారు నదీగర్భముననే బావిని త్రవ్వించిరి. ఇసుక పొరల గుండ ఊరి బావిలో చేరునప్పటికి నీరు తేటపడెను. వడకట్టు యంత్రము ఎచ్చటనో లేదు. నది తనతో తెచ్చుకొన్న ఇసుకయే ఆ యంత్రము. ఏటి ఒడ్డున చెలమ త్రవ్వుకొని నీరు తోడుకొను మన పల్లెపడుచులకు ఈ సూక్ష్మము తెలియనిది కాదు. దానిని ఒక పట్టణమునకు సరిపడునట్లు అమర్చుట ఇంజనీరు ప్రజ్ఞ.

రెండవది పూనా సమీపమున ఖడక్‌వాస్లా జలాశయమునకు 1903లో అమర్చిన స్వయంచాలక తలుపులు. అచ్చట వర్షకాలమున చాల నీరు అలుగు మీదుగా పొరలి వృథాగా పోవుచుండెను. వేసవిలో నీటి కొరత యేర్పడుచుండెను. అలుగును శాశ్వతముగా ఎత్తు చేసినచో పెద్ద వరద వచ్చినపుడు ఆనకట్టకే ముప్పు. తలుపులు పెట్టి మనుష్యులచే తెఱిపింతమన్న, నడిరేయి తుపానులో వారు సకాలమునకు వత్తురను నమ్మకము లేదు. విశ్వేశ్వరయ్యగారు తలుపులను బరువులతో సరితూచి, నీటి తాకిడికే ఆ తూనిక మారునట్లు ఏర్పాటు చేసిరి. మట్టము నియమితమైన హద్దు చేరగానే తలుపులు తమంత తెఱచుకొనును. మట్టము తగ్గగానే మూసికొనును. ఆనకట్టను ఎత్తు చేయకయే సుమారు 8 అడుగుల నీరు అదనముగా నిలిచెను. అలుగువద్ద కాపలాదారు నీరే యయ్యెను.

ఇట్టి అనుభవముతో 1908లో బొంబాయి కొలువు చాలించుకొని వారు విదేశ పర్యటనలో నుండగా హైదరాబాదున మహావిపత్తు సంభవించెను. ఆ యేడు సెప్టెంబరు 28వ తేదీన మూసీ నది పొంగి నగరమును ముంచివేసెను. వేలకొలది జనులు మరణించిరి. వేలకొలది ఇండ్లు నేలమట్టమయ్యెను. వంతెనలు కొట్టుకొనిపోయెను. అఫ్జల్‌గంజిలోని యొక చింతచెట్టు నెక్కి సుమారు 150 మంది ప్రాణములు దక్కించుకొనిరి. నేటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఆ చెట్టు ఆ దినమునకు సాక్షి. నిజాము ప్రభుత్వమువారు విశ్వేశ్వరయ్యగారిని పిలిపింపగా, 1909లో వారు ప్రత్యేక సలహాదారుగా వచ్చి పని ప్రారంభించిరి.

వారు నదిని చూచుటకు ముందు వానను చూచిరి. శంషాబాదులో 24 గంటలలో 12.8 అంగుళముల వర్షము పడినట్లు లెక్కలు తెలిపెను. అంగుళమనగా అల్పముగా తోచును గాని, ఒక చదరపు మైలు నేలపై ఒక అంగుళము వాన కురిసినచో 23 లక్షల ఘనపుటడుగులకు మించిన నీరగును. నగరమునకు ఎగువ మూసీ పరీవాహక ప్రాంతము సుమారు 860 చదరపు మైళ్ళు. అనగా ఆ ప్రాంతమంతట పడిన ఒక్కొక్క అంగుళమునకు దాదాపు 200 కోట్ల ఘనపుటడుగుల నీరు. నేల కొంత పీల్చును. కాని అప్పటికే తడిసి నిండిన నేల ఇంక పీల్చలేక సమస్తమును నదికే విడుచును.

ఆ ప్రాంతమున 788 చెఱువు లుండెను. చదరపు మైలున కొక చెఱువు చొప్పున పూర్వులు కట్టిన ఆ చెఱువులు మామూలు వానలకు నగరమునకు రక్షకములే. కాని ఆ రాత్రి పైచెఱువునకు గండిపడగా ఆ నీరు క్రింది చెఱువుపై పడి దానిని తెంచెను. ఇట్లు 221 చెఱువులు తెగెను. వాన నీటికి చెఱువుల నీరు తోడై, ఒక్కసారిగా నగరముపై విరుచుకొనిపడెను. వరద ఉచ్చస్థితిలో సెకండుకు 4,25,000 ఘనపుటడుగుల నీరు పాఱినట్లు అంచనా వేయబడెను.

దీనికి విరుగుడేమి? నగరములో ఒడ్డున గోడలు మాత్రము ఎత్తు చేసిన చాలదని వారు గ్రహించిరి. వరదవలన నష్టము కలుగునది అది తెచ్చు మొత్తపు నీటివలన మాత్రమే కాదు, ఆ నీరంతయు కొలది గంటలలోనే వచ్చుటవలన. అదే నీరు మూడు నాలుగు దినములలో మెల్లగా సాగినచో నదీగర్భము దానిని ఇముడ్చుకొనగలదు. కావున నగరమునకు ఎగువ మూసీపై సుమారు 8½ మైళ్ళ దూరమున ఒకటియు, ఉపనదియైన ఈసీపై సుమారు 6½ మైళ్ళ దూరమున మఱియొకటియు జలాశయములు కట్టి, వరద వచ్చునప్పటికి వాటిలో కొంత చోటు ఖాళీగా నుంచవలెనని వారు సూచించిరి. ఆ ఖాళీయే నగరమునకు కవచము. ఆ సూచనననుసరించి మూసీపై ఉస్మాన్‌సాగరు 1920లోను, ఈసీపై హిమాయత్‌సాగరు 1927లోను పూర్తియయ్యెను. ప్రాణములు తీసిన నీరే తరువాత అనేక దశాబ్దములు నగరమునకు త్రాగునీరయ్యెను. మురుగు నీటి పాఱుదలకు వలయు ఏర్పాట్లను గూర్చియు వారు సలహా లిచ్చిరి.

1909లో మైసూరు ఛీఫ్ ఇంజనీరైన వారు కావేరిపై కృష్ణరాజసాగర నిర్మాణమును ప్రారంభింపజేసిరి. స్వయంచాలక ద్వారములు అచ్చటను అమరినవి. 1912 నుండి 1918 వఱకు దివానుగా పనిచేసిరి. జంషెడ్‌పూరుతోను వారికి సంబంధము గలదు. 1927 నుండి 1955 వఱకు వారు టాటా ఇనుము ఉక్కు కంపెనీ డైరెక్టర్లలో ఒకరు. జంషెడ్‌పూరు బీహారులో నుండిన ఆ దినములలోనే, తొంబదియేండ్లు దాటిన వయస్సున, గంగపై వంతెనకు అనువైన స్థలమును నిర్ణయించు భారము 1952లో వారిపై పడగా మొకామాను ఎన్నుకొనిరి. ఆ రాజేంద్ర సేతువు 1959లో ప్రారంభమయ్యెను.

వారి విద్య పుస్తకములకు పరిమితమైనది కాదని బాగ్‌బేరా వాసులకు వేఱుగా చెప్పనక్కరలేదు. టాటానగర్ స్టేషనుకు చేరువనున్న ఈ ప్రాంతమునకు ఖర్కాయి నది పొరుగు. ఎగువ భారీ వర్షములు కురిసి జలాశయముల గేట్లు ఎత్తినపుడు ఖర్కాయి పొంగి లోతట్టు ఇండ్లలో ప్రవేశించును. వేసవి వచ్చునప్పటికి అదే ప్రాంతమున గృహిణులు బిందెలతో మంచినీటికై ఎదురుచూచుట కలదు. ఒకే ఊరికి ఒక ఋతువులో నీరు శత్రువై, మఱియొక ఋతువులో అందని పెన్నిధియగుట వింతగా తోచును గాని, రెండింటికిని కారణ మొక్కటే: వచ్చిన నీటికి నిలుచుటకు చోటు లేకపోవుట. సుక్కూరు బావి, ఖడక్‌వాస్లా తలుపు, ఉస్మాన్‌సాగరు కట్ట ఈ సమస్యకే మూడు సమాధానములు.

అట్టి చోటును కాపాడుకొనుట నిర్మించుటకంటె కష్టమైన పని. హైదరాబాదు జంట జలాశయముల చుట్టు 10 కిలోమీటర్ల మేర కట్టడములను కట్టడి చేయుచు 1996లో 111వ నంబరు ప్రభుత్వ ఉత్తర్వు వెలువడెను. 2022లో ఆ నిబంధనలను తొలగించు ఉత్తర్వు వెలువడి వాదములకు తావిచ్చెను. ఈ నడుమ 2020 అక్టోబరు వానలకు, చెఱువు గర్భములలో వెలసిన కాలనీలు నీట మునిగెను. నీరు తన చోటును మఱువదు, మఱచునది మనుష్యుడే.

విశ్వేశ్వరయ్యగారు 1955లో భారతరత్న బిరుదమును పొంది, నూఱేండ్లు నిండిన పిమ్మట 1962 ఏప్రిల్ 14వ తేదీన బెంగుళూరులో పరమపదించిరి. వారి జన్మదినమైన సెప్టెంబరు 15ను దేశము ఇంజనీర్ల దినముగా జరుపుకొనుచున్నది. ఆ దినమున వారి పటమునకు పూలమాల వేయుట ఉచితమే. తమ ఊరి చెఱువు ఎంత పూడినదో, కాలువ ఎచ్చట మూసికొనిపోయినదో వానకారునకు ముందే కొలిచి చూచుకొనుట అంతకంటె ఉచితము. కొలత లేనిచోట వారు ఏ సలహాయు ఇచ్చియుండలేదు.