రెండు వికెట్లు - ఆరు వందల నలభై ఏడు వికెట్లు

భారత టెస్టు జట్టుకు మొదటి కెప్టెన్ సి.కె.నాయుడు పేరు విననివారు అరుదు. ఆయన తమ్ముడు సి.ఎస్.నాయుడు కూడా ఒకప్పుడు దేశమంతా ఎరిగిన బౌలరే. ఈ వార్షికోత్సవ సంచికలో ఆయన జీవితాన్ని మా తమ్ముళ్ళకు పరిచయం చేయాలని పాత విద్యార్థులమైన మేము అనుకున్నాము.

సుబ్బన్న నాయుడు 1914 ఏప్రిల్ 18న నాగపూర్‌లో ఒక తెలుగు కుటుంబంలో జన్మించారు. అన్నకంటే పద్దెనిమిదేళ్ళు చిన్న. అన్నకు బ్యాటు పేరు తెస్తే తమ్ముడికి బంతి పేరు తెచ్చింది. మణికట్టు తిప్పి లెగ్‌బ్రేకులు, గూగ్లీలు వేసేవారు. పందొమ్మిదో ఏట, 1934 జనవరిలో, కలకత్తాలో ఇంగ్లండుపై మొదటి టెస్టు ఆడారు. 1936లోనూ, 1946లోనూ జట్టుతో ఇంగ్లండు వెళ్ళారు. 1952 వరకు మొత్తం 11 టెస్టులు ఆడి తీసినవి రెండే వికెట్లు! ఇచ్చిన పరుగులను వికెట్లతో భాగిస్తే వచ్చేదే బౌలింగు సగటు. అది ఎంత తక్కువైతే అంత మంచిది. టెస్టుల్లో ఆయన సగటు 179.50. ఆ ఒక్క వరుస చూసినవారు ఈయన బౌలరేనా అంటారు.

ఇప్పుడు రెండో వరుస చూద్దాం. దాదాపు ముప్పై ఏళ్ళ ఫస్ట్‌క్లాస్ క్రికెట్‌లో ఆయన వికెట్లు 647. సగటు 26.54. 1942-43లో బరోడా తరఫున ఆడి ఒకే రంజీ సీజన్‌లో 40 వికెట్లు తీశారు. అంతకు ముందు ఎవరూ అన్ని తీయలేదు. ఆ ఏడు కప్పు బరోడాదే. ఆంధ్ర జట్టుకు కూడా ఆయన ఆడారు.

1945 మార్చిలో బొంబాయిలో రంజీ ఫైనల్. అన్న కెప్టెన్‌గా ఉన్న హోల్కర్ జట్టులో తమ్ముడు బౌలర్. బొంబాయి జట్టు 462, 764 పరుగులు చేసింది. ఆ ఎండలో సి.ఎస్. రెండు ఇన్నింగ్స్‌లలో 152.5 ఓవర్లు, అంటే 917 బంతులు వేశారు. 428 పరుగులిచ్చి 11 వికెట్లు తీశారు. హోల్కర్ 374 పరుగుల తేడాతో ఓడిపోయింది. అయినా ఒక మ్యాచ్‌లో ఒకే బౌలర్ వేసిన బంతుల్లో ప్రపంచ రికార్డు నేటికీ అదే. మరుసటి ఏడు కప్పు హోల్కర్‌కే దక్కింది. 2002 నవంబరు 22న ఆయన ఇండోర్‌లో కన్నుమూశారు.

తమ్ముళ్ళారా! పదో తరగతి ఫలితాలు వచ్చిన రోజున మన హాస్టల్లో ఎవరో ఒకరు చెప్పకుండా పెట్టె సర్దుకుని వెళ్ళిపోవడం మా కాలం నుంచీ ఉన్నదే. మాతో చదివినవారిలో అలా వెళ్ళి రొయ్యల గుంటల మీద కాపలాకు కుదిరి, మళ్ళీ పుస్తకం పట్టనివారున్నారు. వారిని ఆపలేకపోయామన్న బాధ మాకు ఈనాటికీ ఉంది. మార్కుల జాబితా కూడా ఒక వరుసే. అందులో అబద్ధం లేదు, కానీ మనిషి మొత్తం అందులో లేడు. కాబట్టి సప్లిమెంటరీ ఫీజు గడువు దాటకముందే మాలో ఎవరినైనా కలవండి. పెట్టె మాత్రం సర్దకండి.