అలను బట్టే పలక: డ్యూక్ కహనామోకు

1914 చివర్లో డ్యూక్ కహనామోకు సిడ్నీ చేరినప్పుడు ఆయన వెంట సర్ఫ్‌బోర్డు లేదు. ఆయన వచ్చింది ఈత పోటీలకు. 1912 స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌లో 100 మీటర్ల ఫ్రీస్టైల్ స్వర్ణం గెలిచిన హవాయి వీరుడు అలల మీద నిలబడితే చూడాలని అక్కడివాళ్లు కోరారు. బోర్డు కొందామంటే అమ్మేవాళ్లు లేరు. ఇంటి దగ్గర వాడే రెడ్‌వుడ్ బదులు కలప అడితిలో షుగర్ పైన్ పలక ఎంచుకుని తానే చెక్కుకున్నారు. పొడవు తొమ్మిది అడుగులకు కాస్త తక్కువ, బరువు 35 కిలోల దాకా. అడుగున ఫిన్ లేదు, అవి వచ్చింది 1930లలో. ఆ బోర్డుపైనే ఫ్రెష్‌వాటర్ బీచ్‌లో జనాన్ని అబ్బురపరిచారు.

1890లో హోనలులులో పుట్టిన డ్యూక్‌కు బోర్డుల తేడా వైకీకీ తీరమే నేర్పింది. పూర్వపు హవాయిలో పొట్టిగా, పల్చగా ఉండే అలైయా ఒక రకం. దొరలు వాడిన చాలా పొడవైన ఓలో మరో రకం. పొడవాటి బోర్డు నీటిపై బాగా తేలుతుంది, చేతులతో తోస్తే త్వరగా వేగం అందుకుంటుంది. కాబట్టి ఇంకా విరగని మెల్లని అలను కూడా ముందే పట్టుకోవచ్చు. కానీ తిప్పడం కష్టం. నిటారుగా లేచి విరిగే అలలో పొట్టిదే నయం. వీడియోలు చూసి మొదటి రోజే సన్నటి పొట్టి బోర్డు కొనే నేటి కుర్రాళ్లు తడబడేది ఇక్కడే.

వైకీకీ అలలు పొడవుగా, నిదానంగా సాగుతాయి. అందుకే నలభై ఏళ్ల వయసులో డ్యూక్ ఓలో తరహాలో 16 అడుగుల బోర్డు చేసుకున్నారు. బరువు 50 కిలోల పైనే! అందరూ మోయగలిగేది కాదు.

1920లో మళ్లీ స్వర్ణం, 1924లో రజతం. 1925 జూన్‌లో కాలిఫోర్నియాలోని న్యూపోర్ట్ బీచ్ దగ్గర థెల్మా అనే పడవ బోల్తా పడింది. డ్యూక్ బోర్డుతో పదేపదే అలల్లోకి వెళ్లి ఎనిమిది మందిని ఒడ్డుకు చేర్చారు. 17 మంది చనిపోయారు. మునిగేవాడు పట్టుకుంటే ఈతగాడూ మునిగే ప్రమాదం ఉంది, బోర్డు మాత్రం తేలుతూనే ఉంటుంది. తీరరక్షకులు దాన్ని ప్రాణరక్షణ సాధనంగా చూడటానికి ఈ ఘటన తోడ్పడింది.

పతకాలు ఆయనకు డబ్బు తేలేదు. కొన్నాళ్లు పెట్రోలు బంకు నడిపారు, తర్వాత 1961 వరకు హోనలులు షెరీఫ్‌గా ఉన్నారు. 1968 జనవరి 22న కన్నుమూశారు. అస్థికలను వైకీకీ సముద్రంలోనే కలిపారు. సిడ్నీలో చెక్కిన పైన్ బోర్డు ఫ్రెష్‌వాటర్ సర్ఫ్ క్లబ్ దగ్గరే ఉంది.