మొక్కజొన్న గింజల మీద చుక్కలు

వానాకాలంలో బండి మీద కాల్చిన మొక్కజొన్న పొత్తు కొన్నప్పుడల్లా నాకు బార్బరా మెక్లింటాక్ గుర్తొస్తుంది. మనం గింజలు తినేసి బెండు పారేస్తాం. ఆవిడ ఆ గింజల్ని చూస్తూనే జీవితం గడిపింది.

1902లో అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌లో పుట్టింది. కాలేజీ చదువంటే తల్లి ససేమిరా అంది. ఎక్కువ చదివితే పిల్లకి పెళ్లి కాదని భయం. (ఈ మాట మా ఇంట్లో నేనూ విన్నదే. తల్లుల భయాలకి దేశాల తేడా లేదు కాబోలు!) డాక్టరైన తండ్రి సరేననడంతో 1919లో కార్నెల్ యూనివర్సిటీలో చేరింది. 1927లో డాక్టరేట్ వచ్చింది. పెళ్లి మాత్రం చేసుకోలేదు.

జన్యువులు క్రోమోజోమ్ మీద దండలో పూసల్లా ఉంటాయనీ, దేని చోటు దానిదేననీ అప్పట్లో అనుకునేవారు. ఏది ఎక్కడుందో మ్యాపులు గీసేవారు. 1931లో బార్బరా, హారియట్ క్రెయిటన్ కలిసి మొక్కజొన్న తొమ్మిదో క్రోమోజోమ్‌ని మైక్రోస్కోపులో పరిశీలించారు. క్రోమోజోములు ముక్కలు ఇచ్చిపుచ్చుకున్నప్పుడే లక్షణాలూ కొత్తగా కలుస్తున్నాయని కళ్లకు కట్టినట్టు చూపించారు.

అసలు కథ కోల్డ్ స్ప్రింగ్ హార్బర్‌లో జరిగింది. 1941 చివర్లో అక్కడ చేరింది. రంగులేని గింజల మీద ఊదారంగు చుక్కలు ఎందుకొస్తున్నాయన్నది ఆమెని పట్టుకున్న ప్రశ్న. ఏళ్ల తరబడి చూసి తేల్చిందేమిటంటే, రంగునిచ్చే జన్యువులోకి ఇంకో ముక్క వచ్చి కూర్చుంటే రంగు ఆగిపోతుంది. గింజ పెరిగేటప్పుడు కొన్ని కణాల్లో ఆ ముక్క లేచిపోతే, అక్కడ మళ్లీ రంగు వస్తుంది. అదే చుక్క! ఆ ముక్కా తనంతట తాను కదలదు, మరో జన్యువు ఉంటేనే కదులుతుంది. అత్తగారి కనుసైగ లేనిదే కోడలు గడప దాటనట్టు.

1951లో సభలో ఇదంతా వివరించింది. జన్యువు కదలడం మొక్కజొన్నలో ఏదో వింత అనుకున్నారు. అలాంటివే మిగతా జన్యువుల్ని అదుపు చేస్తాయంటే చాలామంది ఒప్పుకోలేదు. ఆమె ఊరూపేరూ లేని మనిషేం కాదు, 1945లో అమెరికా జన్యుశాస్త్ర సంఘానికి తొలి మహిళా అధ్యక్షురాలు. అయినా అంతే. కొన్నాళ్లకి ఆ ఫలితాల్ని అచ్చుకివ్వడమే బాగా తగ్గించేసింది. పని మాత్రం మానలేదు. నాకైతే నోబెల్ కంటే ఈ మౌనమే పెద్దదనిపిస్తుంది.

తర్వాత బాక్టీరియాలో కదిలే ముక్కలు కనిపించాయి. 1979లో రొట్టెని పొంగించే ఈస్ట్‌లోనూ బయటపడ్డాయి. పక్కనున్న జన్యువు పనిని అవి పెంచగలవు, ఆపగలవు కూడా.

1983లో 81 ఏళ్ల వయసులో ఆమె ఒక్కదానికే వైద్య నోబెల్ ఇచ్చారు. ఇంట్లో ఫోను లేదు, ఆ కబురు రేడియోలో విన్నది. 1992 సెప్టెంబరు 2న కన్నుమూసింది.