ఫిరంగులు పోతపోసిన మూసా రహీం: అద్దె తుపాకుల నుంచి తోప్ కా సాంచా దాకా

హైదరాబాద్‌లో అబిడ్స్ నుంచి బషీర్‌బాగ్ వైపు వెళ్లేవాళ్లందరికీ గన్‌ఫౌండ్రీ తెలుసు. పాతవాళ్లు దాన్ని తోప్ కా సాంచా అనేవాళ్లు. తోప్ అంటే ఫిరంగి, సాంచా అంటే అచ్చు. మూసీ దాటి మలక్‌పేట వైపు పోతే మూసారాంబాగ్ వస్తుంది. ఈ రెండు చోట్లకూ పేరు తెచ్చింది ఒకే మనిషి. ఆయన ఫ్రాన్స్ నుంచి వచ్చిన మిషెల్ రేమాన్.

ఆయన 1755లో ఫ్రాన్స్ నైరుతి ప్రాంతంలోని సెరిన్యాక్‌లో పుట్టారు. ఇరవై ఏళ్ల వయసులో, 1775లో, వ్యాపారం చేసుకుందామని పుదుచ్చేరికి వచ్చారు. ఆ రోజుల్లో దక్షిణాదిలో ఇంగ్లీషువాళ్లకూ ఫ్రెంచివాళ్లకూ యుద్ధాలు నడుస్తున్నాయి. వ్యాపారం పక్కకు పోయింది. మైసూరులో హైదర్ అలీ కొలువులో ఉన్న ఫ్రెంచి దళంలో పనిచేశారు. తర్వాత ఫ్రెంచి సేనాని బుస్సీ దగ్గర సహాయకుడిగా చేరారు. 1785లో బుస్సీ చనిపోయాక హైదరాబాద్ బాట పట్టారు. అప్పుడు గద్దె మీద ఉన్నది రెండవ నిజాం, నిజాం అలీ ఖాన్.

ఎనిమిది అణాల తుపాకి

రేమాన్ మొదట తయారు చేసిన దళంలో 300 మంది మాత్రమే. వాళ్ల చేతుల్లోని తుపాకులు కూడా సొంతవి కావు. ఒక ఫ్రెంచి వ్యాపారి దగ్గర ఒక్కో తుపాకికి నెలకు ఎనిమిది అణాల చొప్పున అద్దెకు తెచ్చినవి. అద్దె ఆయుధంతో కొలువు ఎన్నాళ్లు నడుస్తుంది? ఇచ్చినవాడు వెనక్కి అడిగితే సైనికుడు ఉత్త చేతులతో నిలబడాలి. ఆ లోటు తీరాలంటే ఆయుధాలు ఇక్కడే తయారు కావాలి. నిజాం కోసం రేమాన్ 1786లో పెట్టిన ఫిరంగుల కార్ఖానాయే తోప్ కా సాంచా.

సాంచాలో పని

ఆ కాలంలో ఫిరంగి పోతపోయడం నెలల తరబడి సాగే పని. ముందు మట్టితో ఫిరంగి నమూనా చేస్తారు. దాని మీద మెత్తటి మట్టి పొరలు పొరలుగా మెత్తి అచ్చు తీస్తారు. ఆ అచ్చును బాగా కాల్చి, గోతిలో నిలువుగా పాతిపెట్టి, కొలిమిలో కరిగిన లోహాన్ని పోస్తారు. అచ్చులో కాస్త తడి ఉన్నా ఆవిరి పుట్టి లోహం ఎగజిమ్ముతుంది, పక్కనున్నవాళ్ల ప్రాణాలకే ముప్పు. చల్లారాక అచ్చు పగలగొట్టి ఫిరంగిని బయటకు తీసి, లోపలి గొట్టాన్ని తొలిచి నునుపు చేయాలి.

గుండు కొలత మరీ ముఖ్యం. గొట్టం కన్నా గుండు వెంట్రుకవాసి చిన్నగా ఉండాలి. బిగుతుగా ఉంటే ఫిరంగే పగిలిపోవచ్చు. మరీ వదులైతే మందు బలం పక్కల నుంచి పోయి గుండు గురి తప్పుతుంది.

తుపాకి తూటాలకు సీసం వాడేవాళ్లు. సీసం 327 డిగ్రీలకే కరుగుతుంది కాబట్టి బొగ్గుల కుంపటి చాలు. పటకారు లాంటి రెండు చెక్కల అచ్చులో గరిటెతో పోసి, చల్లారాక తోకలా మిగిలిన సీసం ముక్కను కత్తిరిస్తే తూటా తయారు. సూరేకారం, గంధకం, బొగ్గు కలిపిన మందునూ తూటానూ కాగితంలో చుడితే ఒక పేలుడుకు సరిపడా పొట్లం అవుతుంది. సైనికుడు దాని కొస పళ్లతో చింపి తుపాకిలో పోసుకునేవాడు.

ఖర్దా తర్వాత

1795 మార్చిలో ఖర్దా దగ్గర మరాఠాలతో యుద్ధం వచ్చింది. నిజాం కొలువులో ఇంగ్లీషు పటాలాలు రెండు ఉన్నా, మరాఠాల మీదకు వాటిని పంపడానికి కంపెనీ ఒప్పుకోలేదు. రేమాన్ దళం మాత్రం రంగంలో నిలబడింది. నిజాం ఓడిపోయారు గానీ ఆపదలో ఎవరు వెంట ఉన్నారో చూశారు. ఇంగ్లీషు పటాలాలను పంపించేశారు. అదే ఏడాది కొడుకు అలీ జాహ్ తిరగబడితే, అణచే పని రేమాన్‌కే అప్పగించారు. 1796లో ఆయుధాల శాఖ మొత్తం ఆయన చేతికి వచ్చింది. అజ్దర్ జంగ్, అంటే యుద్ధంలో మహాసర్పం, అనే బిరుదు దక్కింది. జీతాల కోసం కొన్ని ప్రాంతాల ఆదాయం కూడా ఆయనకు రాసిచ్చారు. 300 మంది దళం దాదాపు 14 వేలకు పెరిగింది.

జనం నోట్లో మొస్యో రేమాన్ అనే పలుకు తిరగలేదు. ముస్లింలు మూసా రహీం అన్నారు, హిందువులు మూసా రామ్ అన్నారు. ఆయన క్రైస్తవుడన్న సంగతి ఎవరికీ అడ్డు రాలేదు.

ఏడు నెలల్లో అంతా పోయింది

1798 మార్చి 25న రేమాన్ హఠాత్తుగా కన్నుమూశారు. వయసు 42. ఆయన స్థానంలో పిరాన్ అనే అధికారి వచ్చారు గానీ ఆ పట్టు రాలేదు. సెప్టెంబర్ 1న నిజాం కంపెనీతో సైన్య సహకార ఒడంబడిక చేసుకున్నారు. ఫ్రెంచి దళాన్ని రద్దు చేయాలన్నది అందులో షరతు. గుంటూరు నుంచి కంపెనీ పటాలాలు హైదరాబాద్ చేరుకున్నాయి.

అప్పటికి సిపాయిలకు జీతాలు బాకీ పడ్డాయి. వాళ్లు కోపంతో తమ ఫ్రెంచి అధికారులనే నిర్బంధించారు. అక్టోబర్ 22న, బాకీ ఇప్పిస్తామన్న హామీ దొరకగానే, వేలమంది ఆయుధాలు కింద పెట్టేశారు. యుద్ధమే జరగలేదు. ఫిరంగులు ఉన్నాయి, మందుగుండు ఉంది, వాటి వెనక నిలబడాలన్న మనసు లేదు. ఆ రోజు నుంచి హైదరాబాద్ రక్షణ కంపెనీ చేతిలోకి పోయింది. అద్దె తుపాకులతో మొదలైన కథ అద్దె సైన్యంతో ముగిసినట్టయింది.

రేమాన్ సమాధి మూసారాంబాగ్ పక్క ఆస్మాన్‌గఢ్ గుట్ట మీద ఉంది. సుమారు 23 అడుగుల నల్లరాతి స్తంభం, దాని మీద జె, ఆర్ అనే రెండు అక్షరాలు. చాలా ఏళ్లపాటు ఆయన వర్ధంతి నాడు జనం అక్కడికి వెళ్లి దీపాలు పెట్టి ఉర్సులా జరిపేవాళ్లు. 2001లో వానలకు పక్కనున్న స్తంభాల మండపం కూలిపోతే తర్వాత మళ్లీ కట్టారు. అటు గన్‌ఫౌండ్రీలో పాత కార్ఖానా గోడలు కొన్ని మిగిలాయి. ఆయన పోయించిన ఫిరంగులను ఇప్పుడు గుర్తుపట్టేవాళ్లు తక్కువ. మూసా రహీం అన్న పేరు మాత్రం రెండు వందల ఏళ్లు దాటినా చెరగలేదు. లోహాన్ని అచ్చులో పోయవచ్చు, నమ్మకాన్ని మాత్రం మనుషులతో మెలిగే తీరుతోనే సంపాదించాలి.