కొలతకు పేరైన మనిషి: రోల్ఫ్ సీవర్ట్

ఆస్పత్రిలో ఎక్స్-రే తీసే ఉద్యోగి చొక్కాకి ఒక చిన్న బిళ్ళ తగిలించి ఉంటుంది. అణువిద్యుత్ కేంద్రంలో పనిచేసేవారికీ అలాంటిదే. గుర్తింపు కార్డేమో అనుకుంటాం. నిజానికది ఆ మనిషి ఒంటికి తగిలిన రేడియేషన్ లెక్క. ఆ లెక్కలో అంకె పక్కన కనిపించే పేరు సీవర్ట్.

రోల్ఫ్ మాక్సిమిలియన్ సీవర్ట్ 1896 మే 6న స్వీడన్ రాజధాని స్టాక్‌హోంలో జన్మించారు. తండ్రి కేబుల్ ఫ్యాక్టరీ యజమాని. జీతం కోసం వెతుక్కోవలసిన అగత్యం లేని ఇంటి బిడ్డ. అయినా క్యాన్సర్‌కు రేడియంతో చికిత్స చేసే రేడియం‌హెమ్మెట్ ఆస్పత్రిలో చేరి, 1924 నుంచి అక్కడి భౌతికశాస్త్ర ప్రయోగశాలను నడిపారు.

ఆ రోజుల్లో మోతాదుకి కొలబద్ద ఏమిటో తెలుసా? మనిషి చర్మం! ఎర్రగా కందితే ఒక మోతాదు. రోగి సంగతి సరే, రోజూ ఆ కిరణాల పక్కనే నిలబడే డాక్టరు, నర్సు మాటేమిటి? చర్మం కందేదాకా ఆగాలా? అందులో పదోవంతుకు మించి ఏడాదిలో తగలకూడదని 1925లోనే సీవర్ట్ లెక్కకట్టారు. హద్దు గీయడం ఒక ఎత్తు, దాటామో లేదో తెలుసుకోవడం మరొక ఎత్తు. గాలి నింపిన బుల్లి పాత్రకి విద్యుదావేశం ఎక్కించి, తీగలు తీసేసి, కావలసిన చోట పెట్టేవారు. రేడియేషన్ తగిలినకొద్దీ ఆవేశం కారిపోతుంది. మిగిలినదాన్ని కొలిస్తే మోతాదు తెలుస్తుంది. ఇదే సీవర్ట్ చాంబర్. తీగలు లేవు కాబట్టి ఒంటి మీదే పెట్టి కొలవవచ్చు. గదిలో ఎంత ఉందన్నది వేరు, మనిషికెంత తగిలిందన్నది వేరు కదా!

ఇంత పట్టుదల ఎందుకంటే, మన ఒంటికి ఈ కిరణాలు తెలియవు. కిలో బరువుకి నాలుగైదు జౌళ్ళ గామా కిరణాలు ఒక్కసారిగా ఒళ్ళంతా తగిలితే, చికిత్స లేకపోతే సగం మంది బతకరు. అదే శక్తి నీటికిస్తే వేడెక్కేది డిగ్రీలో వెయ్యోవంతు.

స్వీడన్‌లో 1941లో వచ్చిన రేడియేషన్ రక్షణ చట్టం వెనుక ఆయన కృషి ఉంది. 1928లో స్టాక్‌హోంలో పుట్టిన అంతర్జాతీయ రక్షణ సంఘంలో మొదటినుంచీ సభ్యుడు, 1956 నుంచి 1962 వరకు అధ్యక్షుడు. 1966 అక్టోబర్ 3న కన్నుమూశారు. 1979లో ఆయన పేరు ప్రమాణానికి పెట్టారు.

ఒక చమత్కారం ఉంది. ఒళ్ళంతటికీ లెక్కగట్టే సీవర్ట్‌ను ఏ పరికరమూ నేరుగా కొలవలేదు. అవయవాలన్నిటికీ తూకాలు వేసి లెక్కించాలి. బిళ్ళ చెప్పేది, అది ఉన్నచోట చర్మానికి 10 మిల్లీమీటర్ల లోతున మోతాదు. అందుకే దాన్ని ఛాతీ దగ్గర, సీసపు ఏప్రాన్ లోపలే పెట్టుకోవాలంటారు. మన దేశంలో ఉద్యోగికి ఐదేళ్ళకు 100 మిల్లీసీవర్ట్‌లు, ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటకూడదు. బిళ్ళ చొక్కాకి కాక గోడ మేకుకి వేలాడితే ఆ లెక్క గోడదే.