కల్లణై నేర్పిన పాఠమే ధవళేశ్వరం ఆనకట్ట

ధవళేశ్వరం: గోదావరి డెల్టా రైతాంగం అపర భగీరథుడిగా కొలిచే సర్ ఆర్థర్ కాటన్ ఈ ఆనకట్ట కిటుకును పుస్తకాల్లో చదివి నేర్వలేదు. కావేరీ తీరాన ప్రాచీనులు కట్టిన కట్టడం ముందు నిలబడి నేర్చుకున్నారు.

1803 మే 15న జన్మించిన కాటన్ యౌవనంలోనే మద్రాసు ఇంజినీర్ల దళంలో చేరి మన దేశానికి వచ్చారు. తంజావూరు సీమలో చోళులు నిర్మించిన కల్లణైని నిశితంగా పరిశీలించారు. ఎంత తవ్వినా గట్టినేల తగలని ఇసుకలో పునాది ఎలా నిలుస్తుందో అక్కడే గ్రహించారు. 1836లో కొల్లిడం నదిపై ఆ పద్ధతినే అనుసరించి ఎగువ ఆనకట్ట నిర్మించారు. నది నడత మారడంతో తదనంతరం ఆ కట్టడానికి మార్పులు చేయవలసి వచ్చింది. ఆ అనుభవమూ వృథా కాలేదు.

అప్పటికి గోదావరి మండలం కరవుతో, 1839 నాటి ఉప్పెనతో చితికిపోయి ఉంది. 1821లో సుమారు 7.38 లక్షలున్న జనాభా 1841 నాటికి 5.61 లక్షలకు పడిపోయింది. నది నిండా నీరున్నా పొలానికి చుక్క అందని దుస్థితిని చూసిన కాటన్, ఆనకట్ట ఆవశ్యకతను ప్రభుత్వానికి నివేదించి ఒప్పించారు.

1847లో పనులు ఆరంభమయ్యాయి. నది నడుమ లంకలను ఆసరా చేసుకొని ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం భాగాలుగా కట్టడం సాగింది. స్థానికుడైన వీణెం వీరన్న కూలీలను సమీకరించి కాటన్‌కు కుడిభుజమై నిలిచారు. రాళ్లు మోసినవారు, సున్నం నూరినవారు, కమ్మరులు, వడ్రంగులు వేలాదిగా శ్రమించగా 1852లో ఆనకట్ట పూర్తయింది. మెట్టపంటలకే నోచుకున్న భూములు మాగాణులయ్యాయి.

రైలుమార్గాలకంటే కాలువలే ప్రజలకు మేలని వాదించినందుకు కాటన్ 1878లో బ్రిటిష్ పార్లమెంటు సంఘం ఎదుట సంజాయిషీ చెప్పుకోవలసి వచ్చింది. ఆయన వాదన మాత్రం మారలేదు. ఇసుకలో పునాది వేసే విద్యను ఈ దేశపు ప్రాచీన నిర్మాతల నుంచే నేర్చామని, వారికి ఋణపడి ఉన్నామని ఆయన బాహాటంగా అంగీకరించారు. 1899 జులై 24న ఇంగ్లండులో కన్నుమూశారు.

శతాబ్దానికి పైగా సేవలందించిన పాత ఆనకట్ట స్థానంలో 1970 దశకంలో చేపట్టిన బ్యారేజీకి కాటన్ పేరే పెట్టారు. వీరన్న పేరూ ఈ తీరాన నిలిచింది. కల్లణైలో రాళ్లు పేర్చిన చేతుల పేర్లు మాత్రం చరిత్రకు అందలేదు. వారి విద్య నేటికీ డెల్టాకు అన్నం పెడుతూనే ఉంది.